యూనిట్ – 9 : హోమ్ థియేటర్‌కు డి.వి.డి. ప్లేయర్‌ను ఎంచుకోవడం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 హోమ్ థియేటర్ వ్యవస్థలో ప్లేయర్ స్థానం
9.3 డిస్క్ మీద ఉన్న సమాచారం
9.4 దృశ్య అవుట్‌పుట్లు
9.5 ధ్వని అవుట్‌పుట్లు – డీకోడర్ ఎక్కడ ఉంది?
9.6 ప్లేయర్ చదవగల డిస్కులు
9.7 వాట్ల లెక్క
9.8 కొనే ముందు చేయవలసిన పరీక్షలు
9.9 సారాంశం
9.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు
9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు
9.12 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:

• హోమ్ థియేటర్ వ్యవస్థలోని మూడు రకాలను గుర్తించి, ఒక్కొక్కదానికి ఎలాంటి ప్లేయర్ అవసరమో చెప్పగలుగుతారు.
• డిస్క్ సామర్థ్యం, సినిమా నిడివి తెలిస్తే సగటు బిట్ రేటును లెక్కకట్టగలుగుతారు.
• దృశ్య, ధ్వని అవుట్‌పుట్ల మధ్య తేడాలను వివరించగలుగుతారు.
• ప్రాంతీయ సంకేతం, పాల్, ఎన్.టి.ఎస్.సి. పద్ధతుల వల్ల వచ్చే ఇబ్బందులను ముందుగానే పసిగట్టగలుగుతారు.
• పెట్టె మీద ముద్రించిన వాట్ల సంఖ్యను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

డి.వి.డి. ప్లేయర్లు 1996 నవంబరులో జపాన్‌లోను, 1997 మార్చిలో అమెరికాలోను మొదటిసారి అమ్మకానికి వచ్చాయి. మన దగ్గర చాలా ఇళ్లలో దానికంటే ముందు వి.సి.డి. ప్లేయర్ అడుగుపెట్టింది. అందువల్ల డి.వి.డి. ప్లేయర్‌ను కూడా మనం వి.సి.డి. ప్లేయర్‌ను కొన్నట్లే కొంటున్నాం. దుకాణానికి వెళ్లి, వెల అడిగి, ఒక పాట వేయించుకుని చూసి, పెట్టె కట్టించుకుని వస్తాం. రెండు స్పీకర్లున్న టీవీకి తగిలించుకునేంతవరకు ఈ పద్ధతిలో పెద్ద నష్టం లేదు. ఐదు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్ ఉన్న హోమ్ థియేటర్‌కు తగిలించేటప్పుడు మాత్రం ఇది పనికిరాదు. ప్లేయర్ బాగానే ఉంటుంది, స్పీకర్లూ బాగానే ఉంటాయి, రెండింటినీ కలిపే మార్గం మాత్రం ఉండదు. వెనక స్పీకర్లు మౌనంగా ఉండిపోతాయి. ఇంటివారు ఎన్నో నెలలు పొదుపు చేసి కూడబెట్టిన డబ్బు సగం వృథా అవుతుంది.

మీలో కొందరు మరమ్మతు దుకాణం నడుపుతూ ఉండవచ్చు, కొందరు అమ్మకాల రంగంలో ఉండవచ్చు. "ఏది కొనమంటారు?" అని ఎవరైనా అడిగినప్పుడు ఒక కంపెనీ పేరు చెప్పడం తేలికైన పని. ఆ ఇంటికి ఏది సరిపోతుందో కారణంతో సహా చెప్పడం సాంకేతిక నిపుణుడి పని. ఈ యూనిట్ రెండో పనికి మిమ్మల్ని సిద్ధం చేస్తుంది. ఇందులో కంపెనీల పేర్లు, ధరలు ఇవ్వలేదు. అవి ఏటా మారుతాయి. ఇక్కడ చెప్పిన సూత్రాలు మారవు.

9.2 హోమ్ థియేటర్ వ్యవస్థలో ప్లేయర్ స్థానం

హోమ్ థియేటర్‌లో జరిగే పనిని ఐదు దశలుగా విభజించవచ్చు: (1) డిస్క్ మీది సమాచారాన్ని చదవడం, (2) సంపీడనం చేసిన దృశ్యాన్ని, ధ్వనిని విప్పడం, అంటే డీకోడ్ చేయడం, (3) ధ్వని సంకేతాన్ని యాంప్లిఫైయర్ ద్వారా పెంచడం, (4) స్పీకర్ల ద్వారా వినిపించడం, (5) తెర మీద చూపించడం. మొదటి పని ఎప్పుడూ ప్లేయర్‌దే. మూడు, నాలుగు, ఐదు పనుల గురించి కూడా ఎవరికీ సందేహం ఉండదు. చిక్కంతా రెండో పనిలో, అందులోనూ ధ్వనిని విప్పే పనిలో ఉంది. అది ఏ పెట్టెలో జరుగుతుందన్నదాన్ని బట్టి హోమ్ థియేటర్లు మూడు రకాలు.

(అ) ఒకే పెట్టె రకం: ప్లేయర్, డీకోడర్, యాంప్లిఫైయర్ ఒకే పరికరంలో ఉంటాయి. స్పీకర్లు కూడా దానితోనే వస్తాయి. వేరే ప్లేయర్‌ను ఎంచుకోవలసిన అవసరం లేదు. అయితే ప్లేయర్ భాగం చెడిపోతే పరికరం మొత్తం మరమ్మతుకు వెళుతుంది.

(ఆ) రిసీవర్ రకం: డీకోడర్, యాంప్లిఫైయర్ రెండూ ఎ.వి. రిసీవర్ అనే పరికరంలో ఉంటాయి. ప్లేయర్ విప్పని డిజిటల్ సంకేతాన్ని ఒకే తీగ ద్వారా రిసీవర్‌కు అందిస్తే చాలు.

(ఇ) ఆరు ఇన్‌పుట్ల రకం: సబ్ వూఫర్ పెట్టెలోనే యాంప్లిఫైయర్ ఉంటుంది, దాని వెనక ఆరు అనలాగ్ ఇన్‌పుట్ జాక్‌లు ఉంటాయి. డీకోడర్ మాత్రం ఉండదు. తక్కువ ధరకు దొరికే 5.1 స్పీకర్ సెట్లలో ఎక్కువ భాగం ఈ రకానివే. వీటికి తగిలించే ప్లేయర్‌లోనే డీకోడర్ ఉండాలి, వెనక ఆరు అనలాగ్ అవుట్‌పుట్లు ఉండాలి.

కాబట్టి ప్లేయర్‌ను చూడకముందే స్పీకర్ల సెట్ వెనక భాగాన్ని చూడాలి. ఎంపిక అక్కడ మొదలవుతుంది.

9.3 డిస్క్ మీద ఉన్న సమాచారం

9.3.1 సామర్థ్యం

సి.డి., డి.వి.డి. రెండింటి వ్యాసమూ 12 సెంటీమీటర్లే, మందమూ 1.2 మిల్లీమీటర్లే. అయినా డి.వి.డి.లో అనేక రెట్లు ఎక్కువ సమాచారం పడుతుంది. దీనికి ఒక ముఖ్య కారణం లేజర్ తరంగదైర్ఘ్యం. సి.డి.ని చదివే లేజర్ తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డి.వి.డి.ని చదివే లేజర్‌ది 650 నానోమీటర్లు. తరంగదైర్ఘ్యం తగ్గినప్పుడు కాంతిని మరింత చిన్న బిందువుగా కేంద్రీకరించవచ్చు. అందువల్ల డిస్క్ మీది గుంటలను చిన్నవిగా, వరసలను దగ్గరగా అమర్చవచ్చు. సి.డి.లో వరసల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు కాగా డి.వి.డి.లో 0.74 మైక్రోమీటర్లు.

ఒక పొర ఉన్న డి.వి.డి. సామర్థ్యం 4.7 జి.బి. ఒకే వైపు రెండు పొరలున్న డిస్క్ సామర్థ్యం 8.5 జి.బి. రెండు పొరల డిస్క్‌లో మొదటి పొర అయిపోయి రెండో పొరకు మారేటప్పుడు కొన్ని ప్లేయర్లలో బొమ్మ ఒక్క క్షణం ఆగుతుంది. డిస్క్ చెడిపోయిందని కంగారు పడనవసరం లేదు.

9.3.2 బిట్ రేటు

పాల్ పద్ధతి డి.వి.డి.లో ఒక ఫ్రేమ్‌లో 720 × 576 పిక్సెళ్లు ఉంటాయి. సెకనుకు 25 ఫ్రేములు. డి.వి.డి.లో వాడే రంగుల నమూనా ప్రకారం ఒక్కో పిక్సెల్‌కు సగటున 12 బిట్లు కావాలి. అప్పుడు సంపీడనం లేకుండా కావలసిన బిట్ రేటు:

720 × 576 × 25 × 12 = 12,44,16,000 బిట్లు, అంటే సెకనుకు సుమారు 124 మెగాబిట్లు.

రెండున్నర గంటల (9,000 సెకన్ల) తెలుగు సినిమాను ఈ లెక్కన భద్రపరచాలంటే సుమారు 140 జి.బి. కావాలి. డిస్క్‌లో ఉన్నది 4.7 లేదా 8.5 జి.బి. అందుకే ఎంపెగ్-2 అనే పద్ధతిలో దృశ్యాన్ని సంపీడనం చేస్తారు. ఒక ఫ్రేమ్‌కు, దాని తరవాతి ఫ్రేమ్‌కు మధ్య మారని భాగాన్ని మళ్లీ మళ్లీ రాయకుండా, మారిన భాగాన్ని మాత్రమే రాయడం ఈ పద్ధతిలోని ముఖ్య సూత్రం.

ఇప్పుడు మూడు సందర్భాలను పోల్చి చూద్దాం. సూత్రం: బిట్ రేటు = (డిస్క్ సామర్థ్యం × 8) ÷ నిడివి సెకన్లలో.

సందర్భం 1: 8.5 జి.బి. డిస్క్‌లో రెండున్నర గంటల సినిమా ఒకటి – సెకనుకు సుమారు 7.6 మెగాబిట్లు.
సందర్భం 2: 4.7 జి.బి. డిస్క్‌లో అదే సినిమా – సెకనుకు సుమారు 4.2 మెగాబిట్లు.
సందర్భం 3: 4.7 జి.బి. డిస్క్‌లో అలాంటి సినిమాలు మూడు – సెకనుకు సుమారు 1.4 మెగాబిట్లు.

ఇవి దృశ్యం, ధ్వని కలిపి వచ్చిన సగటు విలువలు. మూడో సందర్భాన్ని గమనించండి. వి.సి.డి.లో దృశ్యానికి కేటాయించే బిట్ రేటు సెకనుకు 1.15 మెగాబిట్లు. అయితే వి.సి.డి. ఫ్రేమ్‌లో 352 × 288 పిక్సెళ్లే ఉంటాయి. డి.వి.డి. ఫ్రేమ్‌లో దానికి నాలుగు రెట్లు ఉంటాయి. అంటే, మూడు సినిమాలను ఒకే పొరలో కుక్కిన డిస్క్‌లో దాదాపు వి.సి.డి.కి సరిపడే బిట్లతో నాలుగింతల పిక్సెళ్లను నింపవలసి వస్తుంది. పోరాట దృశ్యాల్లో, నృత్యాల్లో బొమ్మ గడులు గడులుగా విడిపోవడానికి కారణం ఇదే. ఈ లోపాన్ని ఎంత ఖరీదైన ప్లేయరైనా సరిచేయలేదు. "ప్లేయర్ మార్చాలా?" అని అడిగినవారిని ముందుగా "మీరు చూస్తున్న డిస్క్ ఏది?" అని అడగాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1

1. డీకోడర్ లేని 5.1 స్పీకర్ సెట్‌కు ఎలాంటి ప్లేయర్ కావాలి?
2. 4.7 జి.బి. డిస్క్‌లో మూడు గంటల సినిమా ఒక్కటే ఉంటే సగటు బిట్ రేటు ఎంత?

9.4 దృశ్య అవుట్‌పుట్లు

ప్లేయర్ నుంచి టీవీకి బొమ్మను పంపే మార్గాలు ప్రధానంగా నాలుగు. తక్కువ నాణ్యత నుంచి ఎక్కువ నాణ్యతకు ఈ వరసలో ఉంటాయి.

1. కాంపోజిట్: పసుపు రంగు జాక్. వెలుగు సమాచారం, రంగు సమాచారం రెండూ ఒకే తీగలో కలిసి వెళతాయి. టీవీ వాటిని మళ్లీ విడదీయాలి. ఆ విడదీత పూర్తిగా జరగనప్పుడు చారల చీర మీదో, సన్నని గళ్ల చొక్కా మీదో లేని రంగులు మెరుస్తాయి.

2. ఎస్-వీడియో: గుండ్రటి చిన్న సాకెట్. వెలుగు ఒక తీగలో, రంగు ఇంకో తీగలో వెళతాయి. పైన చెప్పిన లోపం చాలావరకు తగ్గుతుంది.

3. కాంపోనెంట్: ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల మూడు జాక్‌లు. వెలుగు ఒక తీగలోను, రెండు రంగు భేద సంకేతాలు మిగతా రెండింటిలోను వెళతాయి. ప్రోగ్రెసివ్ స్కాన్ సంకేతాన్ని అనలాగ్ రూపంలో పంపాలంటే ఈ మార్గం కావాలి. కాంపోజిట్, ఎస్-వీడియోలు దాన్ని మోయలేవు.

4. హెచ్.డి.ఎమ్.ఐ.: బొమ్మ, ధ్వని రెండూ డిజిటల్ రూపంలోనే ఒకే కేబుల్‌లో వెళతాయి. ఎల్.సి.డి., ప్లాస్మా టీవీలకు ఇది అన్నిటికంటే సౌకర్యమైన మార్గం.

కొత్తగా నేర్చుకునేవారు ఎర్ర జాక్ విషయంలో పొరబడుతూ ఉంటారు. పసుపు, తెలుపు, ఎరుపు జాక్‌ల వరసలో ఎరుపు కుడి వైపు ధ్వనికి సంబంధించినది. కాంపోనెంట్ వరసలోని ఎరుపు దృశ్యానికి సంబంధించినది. జాక్ రంగును మాత్రమే కాక, పక్కన రాసి ఉన్న అక్షరాలను కూడా చూసి తగిలించాలి.

అప్‌స్కేలింగ్ గురించి: కొన్ని ప్లేయర్ల పెట్టెల మీద 1080 అన్న సంఖ్య పెద్దగా కనిపిస్తుంది. డిస్క్ మీద ఉన్నది 576 గీతల బొమ్మే. దాన్ని 1080 గీతల తెరకు సరిపోయేలా లెక్కకట్టి పెంచడాన్ని అప్‌స్కేలింగ్ అంటారు. దీనివల్ల డిస్క్‌లో లేని వివరం కొత్తగా పుట్టదు. పైగా పెద్ద టీవీ ఈ పనిని తనంతట తానే చేసుకుంటుంది. ఎవరు బాగా చేస్తారన్నదే తేడా. ఇంట్లో ఉన్నది పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అయి, దానికి పసుపు జాక్ ఒక్కటే ఉంటే అప్‌స్కేలింగ్‌కు ఇచ్చే డబ్బు వల్ల ఆ ఇంటికి ఒనగూరేది ఏమీ లేదు.

9.5 ధ్వని అవుట్‌పుట్లు – డీకోడర్ ఎక్కడ ఉంది?

9.5.1 5.1 అంటే ఏమిటి?

ముందు ఎడమ, ముందు మధ్య, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి – ఇవి ఐదు పూర్తి చానళ్లు. లోతైన శబ్దాలకు మాత్రమే కేటాయించిన చానల్ ఆరోది. అది 120 హెర్ట్జ్ వరకే పనిచేస్తుంది కాబట్టి దాన్ని ".1" అని రాస్తారు. డి.వి.డి.లో ఈ ఆరు చానళ్లను డాల్బీ డిజిటల్ లేదా డి.టి.ఎస్. పద్ధతిలో సంపీడనం చేసి ఉంచుతారు. డాల్బీ డిజిటల్‌కు డి.వి.డి.లో గరిష్ఠంగా సెకనుకు 448 కిలోబిట్లు వాడతారు. డి.టి.ఎస్. అంతకంటే ఎక్కువ బిట్లు తీసుకుంటుంది. ప్లేయర్ ముందు భాగంలో ఈ రెండు గుర్తులు ఉన్నంత మాత్రాన లోపల రెండింటికీ డీకోడర్ ఉందని అనుకోకూడదు. కొన్ని ప్లేయర్లు డాల్బీ డిజిటల్‌ను తామే విప్పుతాయి, డి.టి.ఎస్.ను మాత్రం విప్పకుండా బయటికి పంపుతాయి. "డీకోడర్", "డిజిటల్ అవుట్" అన్న మాటల మధ్య తేడాను వివరాల పుస్తకంలో చూసుకోవాలి.

9.5.2 మూడు మార్గాలు

రెండు చానళ్ల అనలాగ్: తెలుపు, ఎరుపు జాక్‌లు. టీవీకి, మామూలు స్టీరియోకు ఇవి చాలు.

ఆరు చానళ్ల అనలాగ్: ప్లేయర్‌లోని డీకోడర్ విప్పిన ఆరు సంకేతాలు ఆరు జాక్‌ల ద్వారా బయటికి వస్తాయి. 9.2లోని (ఇ) రకానికి ఇవి తప్పనిసరి.

డిజిటల్: కోయాక్సియల్ లేదా ఆప్టికల్. కోయాక్సియల్‌లో రాగి తీగ ద్వారా విద్యుత్ సంకేతం, ఆప్టికల్‌లో సన్నని పారదర్శక తంతువు ద్వారా కాంతి సంకేతం ప్రయాణిస్తాయి. రెండింటిలో వెళ్లే సమాచారం ఒకటే కాబట్టి ధ్వనిలో తేడా ఉండదు. రిసీవర్‌కు ఏ సాకెట్ ఉందో చూసి దానికి తగినది ఉన్న ప్లేయర్‌ను తీసుకోవాలి.

9.5.3 ఒక ఉదాహరణ

ఒకసారి కౌన్సెలింగ్ తరగతి అయిపోయాక ఒక అభ్యాసకుడు ఆగి, తన ఇంటి సంగతి చెప్పాడు. కొత్త డి.వి.డి. ప్లేయర్ కొన్నారు. పాటలు బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి. మాటలు మాత్రం వాళ్ల అమ్మకు సరిగా వినబడటం లేదు. "ఏమంటున్నాడురా?" అని ప్రతి సన్నివేశానికీ అడుగుతోంది. ధ్వని పెంచితే పాట రాగానే ఇల్లు దద్దరిల్లుతోంది. వయసు వల్ల వినికిడి తగ్గిందనుకుని చెవి డాక్టరుకు చూపించారు. పరీక్షలో లోపం ఏమీ కనబడలేదు. ఆమె మాత్రం తనకే ఏదో అయిందనుకుని అందరితో కలిసి సినిమా చూడటం మానేసింది.

"మరి సీరియల్స్ వింటున్నారా?" అని అడిగాను. "అవి బాగానే వింటుంది సార్" అన్నాడు. ప్లేయర్‌ను టీవీకి ఎలా కలిపారని అడిగితే తెలుపు, ఎరుపు తీగలతో అన్నాడు. సెటప్ మెనూలో స్పీకర్ల అమరిక ఏముందో చూసి రమ్మన్నాను. మరుసటి ఆదివారం వచ్చి "5.1 అని ఉంది సార్" అన్నాడు.

కారణం ఇది. సినిమా ధ్వనిలో సంభాషణలు ఎక్కువగా మధ్య చానల్‌లో ఉంటాయి. సంగీతం ఎడమ, కుడి చానళ్లలో పరుచుకుని ఉంటుంది. ప్లేయర్‌ను 5.1 అమరికలో ఉంచితే మధ్య చానల్ దాని సొంత జాక్ నుంచే బయటికి వస్తుంది. ఆ జాక్‌కు ఏమీ తగిలించకపోతే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. టీవీకి చేరేది సంగీతం, సంభాషణల పలచని ఛాయ మాత్రమే. అమరికను రెండు చానళ్లకు మార్చితే ప్లేయర్ మధ్య చానల్‌ను ఎడమ, కుడి చానళ్లలో సమంగా కలుపుతుంది. దీన్ని డౌన్‌మిక్స్ అంటారు. ఆ అభ్యాసకుడు మెనూలో ఆ ఒక్క మార్పు చేశాడు. లోపం అమ్మ చెవుల్లో లేదని ఆ సాయంత్రమే తేలిపోయింది.

ఈ ఉదాహరణ నుంచి గ్రహించవలసింది: పరికరాన్ని కొనడంతో ఎంపిక పూర్తి కాదు. వ్యవస్థకు తగినట్లు దాన్ని అమర్చడం కూడా ఎంపికలో భాగమే. స్పీకర్ల అమరిక మెనూ ఉన్న ప్లేయర్‌ను తీసుకోవాలి. ఇంటికి వెళ్లగానే ఆ మెనూను చూడాలి.

9.5.4 దూరాల సర్దుబాటు

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే ఒక మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు. వెనక స్పీకర్లు మనకు దగ్గరగా, ముందు స్పీకర్లు దూరంగా ఉంటే వెనక ధ్వని ముందుగా చెవిని చేరుతుంది. మన గదుల్లో సోఫా సాధారణంగా వెనక గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఈ సమస్య తరచుగా వస్తుంది. డీకోడర్ ఉన్న ప్లేయర్లలో ఒక్కో స్పీకర్ దూరాన్ని లేదా ఆలస్యాన్ని నమోదు చేసే సౌకర్యం ఉంటే, దగ్గరి స్పీకర్లకు తగినంత ఆలస్యం కలిపి అన్నిటి ధ్వనీ ఒకేసారి చేరేలా చేస్తుంది. (ఇ) రకం వ్యవస్థకు ఈ సౌకర్యం ఉన్న ప్లేయర్ మేలు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2

3. ప్రోగ్రెసివ్ స్కాన్ సంకేతాన్ని పంపగల అనలాగ్ మార్గం ఏది?
4. సినిమాలో పాటలు గట్టిగా, మాటలు బలహీనంగా వినిపిస్తుంటే ముందుగా ఏమి పరిశీలించాలి?

9.6 ప్లేయర్ చదవగల డిస్కులు

9.6.1 ప్రాంతీయ సంకేతం

సినిమా నిర్మాతలు తమ డిస్క్ ఏ దేశాల్లో ఆడాలో నియంత్రించడానికి ప్రపంచాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించారు. అమెరికా, కెనడా 1వ ప్రాంతం. ఐరోపాలో ఎక్కువ భాగం, జపాన్ 2వ ప్రాంతం. భారతదేశం 5వ ప్రాంతం. డిస్క్ సంకేతం, ప్లేయర్ సంకేతం సరిపోకపోతే బొమ్మ రాదు. తెలుగు సినిమాల డిస్కులలో చాలావాటిని ఏ ప్రాంతానికీ కట్టుబడకుండా తయారుచేశారు. కాబట్టి తెలుగు సినిమాలు మాత్రమే చూసే ఇంటికి ఇది పెద్ద సమస్య కాదు. అమెరికాలో ఉన్న పిల్లలు హాలీవుడ్ సినిమాల డిస్కులు తెచ్చిపెట్టే ఇంట్లో మాత్రం ముందే ఆలోచించాలి.

9.6.2 పాల్, ఎన్.టి.ఎస్.సి.

మన దేశంలో అనలాగ్ టీవీ ప్రసారం పాల్ పద్ధతిలో ఉండేది: 576 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాలో ఎన్.టి.ఎస్.సి. పద్ధతి ఉండేది: 480 గీతలు, సెకనుకు సుమారు 30 ఫ్రేములు. విదేశాల్లోని తెలుగువారికి కూడా అమ్మడానికి అనువుగా మన సినిమాల డి.వి.డి.లు చాలావరకు ఎన్.టి.ఎస్.సి.లో వచ్చాయి. పాల్ మాత్రమే తెలిసిన పాత టీవీలో ఇలాంటి డిస్క్ వేస్తే బొమ్మ నలుపు తెలుపుల్లో కనిపించవచ్చు, లేదా పైకి కిందికి దొర్లవచ్చు. ప్లేయర్ మెనూలో పాల్, ఎన్.టి.ఎస్.సి., మల్టీ అన్న మూడు ఎంపికలు ఉండి, ఎన్.టి.ఎస్.సి. డిస్క్‌ను పాల్‌గా మార్చి పంపగలిగితే ఈ చిక్కు తీరుతుంది. పాత టీవీ ఉన్న ఇంటికి ఈ ఒక్క సౌకర్యం మిగతా అన్నిటికంటే ముఖ్యం.

9.6.3 పెళ్లి డిస్కులు, ఇతర డిస్కులు

ఇంట్లో అన్నిటికంటే విలువైన డిస్క్ సాధారణంగా సినిమాది కాదు, పెళ్లిది. పెళ్లి వీడియోలను ఫోటోగ్రాఫర్లు రికార్డబుల్ డిస్కుల మీద రాసి ఇస్తారు. అచ్చువేసిన డిస్క్‌లో గుంటలు ఉంటాయి. రికార్డబుల్ డిస్క్‌లో రంగు పదార్థపు పొర ఉంటుంది. అది లేజర్‌ను కొంత తక్కువగా పరావర్తనం చేస్తుంది. అందుకే సినిమా డిస్కులన్నీ ఆడే ప్లేయర్ కూడా పెళ్లి డిస్క్ దగ్గర తడబడవచ్చు. ఆ రంగు పొర ఎండకు, వేడికి క్రమంగా దెబ్బతింటుంది కూడా. కాబట్టి పెళ్లి డిస్క్‌కు ఒకటి రెండు నకళ్లు తీయించి, ఒకదాన్ని నీడపట్టున భద్రపరచమని సలహా ఇవ్వండి.

వీటితోపాటు వి.సి.డి.లు, ఎం.పి.3 పాటల సి.డి.లు, డివిఎక్స్ ఫైళ్లు ఆడతాయో లేదో, యు.ఎస్.బి. సాకెట్ ఉందో లేదో చూసుకోవాలి. ఇంటి అవసరానికి మించినవాటికి అదనంగా చెల్లించవలసిన పనిలేదు.

డిస్క్‌ను తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. గుండ్రంగా పడిన గీత ఒకే వరస వెంట పోయి, వరసగా ఉన్న ఎక్కువ సమాచారాన్ని చెరుపుతుంది. అడ్డంగా పడిన గీత ఒక్కో వరసలో కొద్దిభాగాన్నే తాకుతుంది. దోష సవరణ పద్ధతి దాన్ని పూడ్చగలదు.

9.7 వాట్ల లెక్క

ప్లేయర్‌ను స్పీకర్లతో కలిపి కొనేవారికి పెట్టె మీద కనిపించే పెద్ద సంఖ్య పి.ఎం.పి.ఓ. వాట్లు. దీన్ని కొలవడానికి అందరూ అంగీకరించిన ప్రమాణం ఏదీ లేదు. క్షణంలో అతి చిన్న భాగంపాటు రాగల ఊహాత్మక గరిష్ఠాన్ని, అన్ని స్పీకర్లకూ కలిపి చూపుతారు. పోల్చడానికి పనికివచ్చేది ఆర్.ఎం.ఎస్. విలువ, అంటే యాంప్లిఫైయర్ నిలకడగా ఇవ్వగల శక్తి.

ఒక పెట్టె మీద 3,000 వాట్ల పి.ఎం.పి.ఓ. అని ఉందనుకుందాం. పరికరం వెనక అతికించిన పట్టీ మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 60 వాట్లు అని ఉందనుకుందాం. శక్తి నిత్యత్వ సూత్రం ప్రకారం ప్లగ్ నుంచి తీసుకున్నదానికంటే ఎక్కువ శక్తిని ఏ పరికరమూ నిలకడగా ఇవ్వలేదు. మామూలు యాంప్లిఫైయర్‌లో తీసుకున్న శక్తిలో కొంతభాగం వేడిగా కూడా పోతుంది. వెనక పట్టీ మీది సంఖ్యను అన్ని కంపెనీలూ పూర్తి ధ్వని వద్దే కొలవకపోవచ్చు. కాబట్టి దీన్ని కచ్చితమైన కొలతగా కాక, స్థూలమైన పరీక్షగా వాడాలి. అయినా 60కి, 3,000కి మధ్య 50 రెట్ల తేడా ఉంది. ఆ తేడా కొలత పద్ధతితో సర్దుకునేది కాదు. మామూలు హాలుకు నిజమైన 60 వాట్లు తక్కువేమీ కావు. వాట్లు తక్కువ కావడం ఇక్కడ దోషం కాదు. లేని వాట్లకు వెల కట్టడం దోషం.

9.8 కొనే ముందు చేయవలసిన పరీక్షలు

దుకాణానికి వెళ్లేటప్పుడు ఇంటి నుంచే ఈ డిస్కులు తీసుకువెళ్లాలి: 5.1 ధ్వని ఉన్న అసలైన సినిమా డి.వి.డి. ఒకటి, పెళ్లి డిస్క్ నకలు, ఒక పాత వి.సి.డి., ఒక ఎం.పి.3 సి.డి. దుకాణంవారు చూపించే డిస్క్ వారి పరికరం బాగా కనిపించడానికి ఎంచినది. మనం తెలుసుకోవలసింది మన డిస్క్ ఎలా ఆడుతుందో.

పరీక్ష క్రమం:

1. స్పీకర్ సెట్, టీవీల వెనక ఉన్న సాకెట్లను కాగితం మీద రాసుకుని వెళ్లాలి. వాటికి సరిపడే అవుట్‌పుట్లు ప్లేయర్‌కు ఉన్నాయో లేదో మొదట చూడాలి. లేకపోతే మిగతా పరీక్షలు అనవసరం.
2. నాలుగు డిస్కులనూ వేసి చూడాలి. పెళ్లి డిస్క్‌ను చివరి వరకు ముందుకు జరిపి చూడాలి, ఎందుకంటే డిస్క్ బయటి అంచు దగ్గరే చదవడం కష్టమవుతుంది.
3. నిశ్శబ్దంగా ఉన్న సన్నివేశంలో ప్లేయర్ నుంచి గరగరమనే మోటారు శబ్దం వస్తోందా అని వినాలి.
4. సెటప్ మెనూలో స్పీకర్ల అమరిక, పాల్–ఎన్.టి.ఎస్.సి. ఎంపిక ఉన్నాయో చూడాలి.
5. ఆపిన చోటు నుంచే మళ్లీ మొదలయ్యే సౌకర్యం ఉందో చూడాలి. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ప్లగ్ తీసి పెట్టిన తరవాత కూడా గుర్తుంచుకుంటుందా అని పరీక్షించాలి.
6. రిమోట్ విడిగా దొరుకుతుందా, మరమ్మతు కేంద్రం ఎంత దూరంలో ఉంది, వారంటీలో లేజర్ భాగం కలిసి ఉందా అని అడగాలి. ప్లేయర్‌లో ఎక్కువగా అరిగేది ఆ భాగమే.

ఇంటి వద్ద జాగ్రత్తలు: ప్లేయర్‌ను మూసి ఉన్న అరలో పెట్టకూడదు. పైన గుడ్డ కప్పి నడపకూడదు. యాంప్లిఫైయర్ మీద పెట్టకూడదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ప్లగ్‌ను, కేబుల్ టీవీ తీగను తీసివేయాలి. శుభ్రం చేయడానికి మూత విప్పినప్పుడు వెలుగుతున్న లేజర్ వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ సూటిగా చూడకూడదు.

డబ్బు కేటాయింపు: బడ్జెట్ పరిమితమైనప్పుడు ముందు స్పీకర్లకు, తరవాత టీవీకి, చివర ప్లేయర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలి. డిస్క్‌ను చదివి విప్పే పనిలో మామూలు ప్లేయర్‌కు, ఖరీదైన ప్లేయర్‌కు మధ్య తేడా తక్కువ. స్పీకర్లలో తేడా మొదటి నిమిషంలోనే చెవికి తెలుస్తుంది.

9.9 సారాంశం

హోమ్ థియేటర్‌కు ప్లేయర్‌ను ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న "డీకోడర్ ఎక్కడ ఉంది?" అన్నది. స్పీకర్ సెట్‌లో డీకోడర్ లేకపోతే అది ప్లేయర్‌లో ఉండి, ఆరు అనలాగ్ అవుట్‌పుట్లు ఉండాలి. రిసీవర్‌లో ఉంటే ఒక డిజిటల్ అవుట్‌పుట్ చాలు. రెండో ప్రశ్న టీవీకి ఏ సాకెట్ ఉందన్నది. టీవీ అందుకోలేని సంకేతానికి డబ్బు పెట్టడం వృథా. మూడో ప్రశ్న ఆ ఇంట్లో ఏ డిస్కులు ఆడతాయన్నది. బొమ్మ నాణ్యత డిస్క్ మీది బిట్ రేటును దాటి పోలేదు. పెట్టె మీది పెద్ద సంఖ్యలను వెనక పట్టీతో సరిచూసుకోవాలి. కొన్న తరవాత స్పీకర్ల అమరికను సరిచేస్తేనే ఎంపిక పూర్తి అయినట్లు.

9.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. లోపల 5.1 డీకోడర్, వెనక ఆరు అనలాగ్ అవుట్‌పుట్లు ఉన్న ప్లేయర్.
2. 4,700 మెగాబైట్లు × 8 ÷ 10,800 సెకన్లు = సెకనుకు సుమారు 3.5 మెగాబిట్లు.
3. కాంపోనెంట్.
4. ప్లేయర్ సెటప్ మెనూలో స్పీకర్ల అమరికను. రెండు స్పీకర్లే ఉంటే దాన్ని రెండు చానళ్లకు మార్చాలి.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డీకోడర్ ఉన్న స్థానాన్ని బట్టి హోమ్ థియేటర్ రకాలను వివరించి, ఒక్కొక్కదానికి తగిన ప్లేయర్‌ను సూచించండి.
2. డి.వి.డి.లో సంపీడనం ఎందుకు అవసరమో లెక్కతో సహా వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దృశ్య అవుట్‌పుట్లను పోల్చండి.
2. డౌన్‌మిక్స్ అంటే ఏమిటి? అది ఎప్పుడు అవసరం?
3. పి.ఎం.పి.ఓ. విలువ ఎందుకు నమ్మదగింది కాదు?

III. అభ్యాసం: మీ ఇంట్లో లేదా పొరుగింట్లో ఉన్న టీవీ, స్పీకర్ సెట్ల వెనక సాకెట్లను గమనించి పట్టిక తయారుచేయండి. వాటికి సరిపడే ప్లేయర్‌కు ఉండవలసిన అవుట్‌పుట్లను కారణాలతో రాయండి. పట్టికను మీ కౌన్సెలర్‌కు చూపించండి.

9.12 పదకోశం

అప్‌స్కేలింగ్: తక్కువ గీతల బొమ్మను ఎక్కువ గీతల తెరకు సరిపోయేలా పెంచడం.
డీకోడర్: సంపీడనం చేసిన సంకేతాన్ని విప్పే భాగం.
డౌన్‌మిక్స్: ఎక్కువ చానళ్ల ధ్వనిని తక్కువ చానళ్లలో కలపడం.
బిట్ రేటు: ఒక సెకనులో ప్రయాణించే బిట్ల సంఖ్య.
ప్రాంతీయ సంకేతం: డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో తెలిపే సంఖ్య.
ప్రోగ్రెసివ్ స్కాన్: బొమ్మలోని గీతలన్నిటినీ సరి, బేసి అని విడదీయకుండా వరసగా చూపే పద్ధతి.